మూత కింద మరక

కిడ్నీ రోగుల వ్యాన్‌ను ఎంపిక చేయడానికి ఫూంగ్ మేష్టారు టార్చిలైటు పట్టుకుని ఎండలోకి దిగారు.

మలేషియాలోని ఈపో ఊళ్లో ఆ డయాలసిస్ కేంద్రానికి పెద్ద ఆయనే. ముప్పయ్యేళ్లు బళ్లో భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఇంజిన్ల సంగతంతా మాత్రం పోయిన వారం ఫోన్లో ఒక్క వీడియో చూసి నేర్చేసుకున్నారు.

రోగులు పన్నెండు మంది. వారానికి మూడుసార్లు కేంద్రానికి రావాలి. వ్యాన్ దారిలో ఆగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఈ ఏడు కాంట్రాక్టుకి ఇద్దరు నిలబడ్డారు. పదకొండేళ్లుగా తిప్పుతున్న లేమన్, కొత్తగా వచ్చిన షహ్రిజాల్.

ముందు లేమన్ బండి. నాలుగున్నర లక్షల కిలోమీటర్లు తిరిగిన ముసలిది. మేష్టారు ఆయిల్ మూత తిప్పి లోపలికి లైటు వేశారు. ఇనుమంతా గోధుమరంగు. వార్నిష్ పూసినట్టుంది.

"ఆయిల్ మార్చి ఎన్నేళ్లయింది లేమన్?"

"మూడు నెలలకోసారి మారుస్తూనే ఉన్నాను మేష్టారూ. పెద్దవాళ్లు మెల్లగా దిగి వస్తారు. ఎండలో ఏసీ ఆపలేను కదా, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతాను. ఆయిల్ వేడికి మాడి అట్లా అంటుకుంటుంది. టీ గిన్నెకి పట్టదూ, అదే. దాంతో బండికొచ్చిన నష్టమేం లేదు."

మేష్టారు నవ్వారు. హోంవర్కు చేయని పిల్లలు కూడా ఆయనకి ఇంత వివరంగానే చెప్పేవారు.

తర్వాత షహ్రిజాల్ బండి. మూత తీయగానే మేష్టారి మొహం వెలిగిపోయింది. లోపలంతా వెండి గిన్నెలా తళతళ. నాలుగుసార్లు లైటు వేసి చూసుకున్నారు. రోగులందరినీ పిలిచి చూపించారు. బండిని చూసుకోవడం అంటే ఏమిటో పది నిమిషాలు పాఠం చెప్పారు. షహ్రిజాల్ వినయంగా తల వంచుకుని, తాను దేన్నీ పాతబడనివ్వనన్నాడు.

ముత్తులక్ష్మి అనే పెద్దావిడ మాత్రం తమకి లేమనే కావాలని గొణిగింది.

"ప్రేమతో ఇంజిన్లు నడవవమ్మా," అన్నారు మేష్టారు. ఆ ముక్క వీడియోలో లేదు, సొంతంగా అన్నారు.

సంతకాలు అయిపోయాయి. లేమన్ రోగుల చిరునామాల కాగితం తీసి షహ్రిజాల్ చేతిలో పెట్టాడు. ఎవరిని ఎత్తి కూర్చోబెట్టాలో, ఎవరింటి ముందు మెట్లున్నాయో చెప్పాడు. ఏడుపొచ్చి ఆ పక్కకి తిరిగాడు. ఇంజిన్‌ని నిర్లక్ష్యం చేసినవాడికి ఏడవడం మాత్రం బాగా వచ్చునని మేష్టారు అనుకున్నారు.

షహ్రిజాల్ ఇంజిన్ అంతలా మెరవడంలో వింతేమీ లేదు, రెండేళ్లలో మూడు ఇంజిన్లు ఆయిల్ మార్చక నడిరోడ్డు మీదే పట్టేసి ఆగిపోతే, విడిభాగాల కోసం జపాన్‌లో సగానికి కోసి పంపిన పాత కారులోంచి ఈ నాలుగోదాన్ని ఊడదీసి, కడిగి బిగించింది నిన్న సాయంత్రమే.