కత్తెర పడని ప్రతి

“ఆ కుర్చీ ఒకరి కోసం ఆపానమ్మా. మీరు పక్కకి మారండి.”

నెరిసిన జుట్టావిడ లేచి, గోడవారనున్న కుర్చీలో కూర్చుంది.

బస్సులో సీటు ఆపినట్టు కామరాజు తన కండువాను ముందు వరసలోని ఆ కుర్చీ మీద పరిచాడు.

అమీర్‌పేట మెట్రో ఎదురుగా మేడ మీది హాలు. ఆయన మొదటి నవల మళ్ళీ అచ్చయి ఇవాళ విడుదలవుతోంది. అట్ట మీద ‘కత్తెర పడని ప్రతి’ అని ఎర్రక్షరాలతో ఆయనే దగ్గరుండి వేయించాడు.

పాము పగ పన్నెండేళ్ళంటారు. కామరాజు పగ ముందు పామెంత? ఆయనది నలభై ఏళ్ళ పగ. డెబ్భై నవలలు రాసి, శ్రీనగర్ కాలనీలో మేడ కట్టినా అది చల్లారలేదు.

అప్పట్లో పంజాగుట్టలో ఆఫీసున్న ఒక వారపత్రికకు ఆయన ఈ నవలనే సీరియల్‌గా రాసేవాడు. ప్రతి వారం కథను ఓ కొలిక్కి తెచ్చి, చివర మానవజన్మ గురించి నాలుగు మంచి మాటలు కలిపి పంపేవాడు. అచ్చులో ఆ మాటలు ఉండేవి కావు. కథ ఎక్కడో మధ్యలో ఆగిపోయేది. డెస్కులో ఎవడో సబ్ ఎడిటర్ కత్తెర వేసేవాడు.

సీరియల్ ఊరూరా మోగిపోయింది. జనం బడ్డీకొట్ల ముందు పత్రిక కోసం కాసుకునేవారు. అదంతా తన కలం చలవే అనుకున్నాడు కామరాజు. పోయిన పేరాలు తలుచుకుంటే మాత్రం కడుపు మండిపోయేది.

రెండో సీరియల్ అడిగినప్పుడు, నేను కావాలో ఆ కత్తెర కావాలో తేల్చుకోమన్నాడు. ఓనరు తేల్చుకున్నాడు, కత్తెర వేసినవాడి ఉద్యోగం ఊడింది. పలికితే నోరు పాడవుతుందని వాడి పేరు కూడా అడగలేదు కామరాజు.

అంతటితో వదిలాడా? ఆ తర్వాత ఆయన నవలల్లో ఎవడు శవమై తేలినా వాడు పత్రికాఫీసు ఉద్యోగే. ఒకణ్ణి రైలు కింద తోశాడు, ఇంకొకణ్ణి నూతిలో. పుస్తకాలు ఆయన పేరు మీద బాగానే అమ్ముడుపోయాయి. ఎదురుపడిన ప్రతివాళ్ళూ ఆ మొదటి నవల గురించే మాట్లాడేవారు. అదొక్కటే ఆయనకు నచ్చేది కాదు.

ఇప్పుడు దాచుకున్న కార్బన్ కాపీని ఉన్నదున్నట్టు అచ్చు వేయించాడు. ఆ పత్రికలో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరుగా చేసిన కనకయ్యను వెతికి పట్టుకుని, ఆ కత్తెర మనిషికి ఆహ్వానం అందించమన్నాడు.

“ఇచ్చిన సార్. వస్తనన్నరు” అన్నాడు కనకయ్య.

పబ్లిషర్ వివేక్ గుబులు వేరు. ఇది అమ్ముడుపోకపోతే మీ మిగతా నవలలు వేయలేనండీ అని ముందే చెప్పేశాడు.

కామరాజు వేదిక ఎక్కేసరికి ఆ కుర్చీలో ఒక బట్టతలాయన కూర్చుని ఉన్నాడు. కండువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కామరాజుకు ప్రాణం లేచొచ్చింది.

“నా రాతను నరికిన చెయ్యి ఒకటుంది. దానికి ఒక్క వాక్యం పుట్టించడం చేతకాదు. ఆ ఉద్యోగం నేనే ఊడబెరికించాను. ఇవాళ ఆ కళ్ళముందే నా పేజీలు నేను చదువుతాను.”

బట్టతలాయన శ్రద్ధగా తలూపాడు. ఎంత సిగ్గులేని మనిషి అనుకుని కామరాజు పుస్తకం తెరిచాడు.

మొదట్లో అందరూ బాగానే విన్నారు. మానవజన్మ మొదలవగానే ఫోన్లు బయటికొచ్చాయి. వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు ముగ్గురు మెల్లగా మెట్లవైపు జారుకున్నారు. వివేక్ తల పట్టుకున్నాడు.

ఎవడి ముందు గెలవాలో వాడి ముందే పరువు పోతోంది. కామరాజు గొంతు పెంచి చదివాడు.

“పెళ్ళికింక ఒక్క రోజే ఉంది. ధాత్రి ఇంట్లో ఒంటరిగా ఉంది. ఎవరో తలుపు తట్టారు. ధాత్రి గడియ తీసింది.”

ఆ తర్వాత వెన్నెల మీద రెండు పేజీలు ఉన్నాయి. ఇంతలో గోడవారనున్న ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో దగ్గరకొచ్చింది.

“ఇక్కడ ఆపేయండి సార్” అంది మెల్లగా.

అలసిన తన గొంతు విని జాలిపడిందనుకుని, కామరాజు పుస్తకం మూసి నీళ్ళు తాగాడు.

హాల్లో ఫోన్లన్నీ కిందికి దిగాయి. తలుపు దగ్గర ఎవరండీ అని వెనకనుంచి ఒకమ్మాయి అడిగింది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. వివేక్ చటుక్కున మైకు లాక్కుని అది పుస్తకంలో చూసుకోవాలన్నాడు. టేబుల్ మీద జనం విరగబడ్డారు. కాసేపటికి అమ్మడానికి ఒక్క కాపీ మిగల్లేదు.

సంతకాలు ముగించి కామరాజు నేరుగా బట్టతలాయన దగ్గరకెళ్ళి, నీ కత్తెర లేకుండానే గెలిచాను చూశావా అన్నాడు.

“నా పేరు విజయేందర్ సార్. కింద మొబైల్ షాపు నాదే. ఫ్యాన్ కింద కుర్చీ ఖాళీగుందని కూసున్న. మీరు మస్తు మాట్లాడిండ్రు.”

కామరాజు చిర్రెత్తిపోతూ మెట్ల దగ్గర నిలబడ్డ కనకయ్యను పట్టుకున్నాడు. నా ఎదుటికొచ్చే దమ్ము లేదా ఆ మనిషికి అని అడిగాడు.

“వచ్చిండ్రు సార్. గిప్పుడే మెట్రోకు పోయిండ్రు.”

తన తిట్లన్నీ విన్నట్టేనా అని అడిగాడు కామరాజు. మొత్తం విన్నరు అన్నాడు కనకయ్య. ఆ ఉద్యోగం ఊడాక ఏ పత్రికా పని ఇవ్వలేదని, బోరబండలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని బతికారని కూడా చెప్పాడు.

కామరాజు కడుపు చల్లబడింది. నలభై ఏళ్ళకు పగ తీరినట్టనిపించింది.

“మరి నాతో ఒక్క మాటైనా అనకుండా పారిపోయాడన్నమాట.”

కనకయ్య ఆయన్ను వింతగా చూశాడు.

“అనకపోవుడేంది సార్? మీకు నీళ్ళిచ్చి, యాడ ఆపాల్నో చెప్పిపోయిండ్రు గద, సుమిత్ర మేడం.”