కొండ చెరువు కాడ సద్ది

ఆ పొద్దు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. నాంపల్లి మీద మబ్బు, పడుకున్న బర్రె వీపులా, నల్లగా కదలక మెదలక ఉంది.

"వాన పడ్డదంటే కొండ కింద వాగు పొంగుతది. జల్దీ ఎక్కుండ్రి" అంది కమల. అప్పటికే ఆమె జీపులో ఎడమ సీట్లో కూర్చుని, కొంగు నడుముకు బిగించింది.

విద్యాసాగర్ చెప్పులు తొడుక్కుంటూ, "రెండు బుక్కలు తిని పోదామే. షుగర్ గోలీ వేసుకుంటివి. ఉత్త కడుపుతోటి కండ్లు తిరుగుతయ్" అన్నాడు.

"చెరువు కాడ తింట. మీరు పెట్టిన కాయిదానే గద!"

కాయిదా ఆయనదే. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఆ రాళ్లదారిన తీసుకుపోతే, ఆమె దారి పొడుగునా కక్కుకుంది. కొండ ఎక్కేదాకా మెతుకు ముట్టొద్దని ఆనాడు చెప్పాడు. ఆమె మళ్లీ ఏనాడూ తప్పలేదు. రెండో కాయిదా ఆమెది: కొండ మీద స్టీరింగ్ ఆయనది, మాట ఆమెది. ఆమె తల బయటికి పెట్టి చక్రాన్ని చూస్తూ చెబుతుంది. ఆయన ఎదురాడకుండా తిప్పుతాడు.

పక్కింటి యాదవ్వ టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చింది. "కొండలు గుట్టలు ఎక్కే వయసా అమ్మా ఇది?"

"నీకేం తెలుసు యాదవ్వా! ఆబిడ్స్ దాటి ఎన్నడన్న పోయినవా నువ్వు?"

"నాకెందుకమ్మా కొండ? మా గల్లీ గుంతలే సాలు" అని యాదవ్వ విద్యాసాగర్ వైపు వచ్చి గొంతు తగ్గించింది. "రాత్రి గూడ కంచం నెట్టేసింది సారూ. ఇట్లనే ఉంటే దవాఖానల పెట్టుకోవాలన్నడు గద డాక్టరు. ఎట్లన్న జేసి తినిపియ్యుండ్రి."

"అందుకే గద ఎక్కుతున్న" అన్నాడు విద్యాసాగర్. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. గేరు వేశాడు.

"ఆబిడ్స్ దిక్కెళ్లి పోండ్రి. స్టేషన్ కాడ ఆటోలు పక్కకు జరగవు."

"గట్లనే."

"మొజంజాహీ మార్కెట్ కాడ ఆపుండ్రి, జామకాయలు కొందాం."

"నిన్ననే కొన్న, సంచిల ఉన్నయ్. ఇగ ఏడ ఆపేది లేదు."

కమల నవ్వింది. "ఏం తొందర! చెరువు ఏడికన్న పారిపోతదా?"

ఆమె తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. ఆయన ఓరగా ఆమె చేయి చూశాడు. ఒళ్లో వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"చేవెళ్ల దాటినమా?"

"ఎప్పుడో దాటినం. మట్టిదారి వచ్చింది, లే."

కమల లేచి తలుపు పట్టుకుని తల బయటికి పెట్టింది. ఇక మాట ఆమెది.

"ఎడమకు. ఇంకింత. రాయి మీదికే ఎక్కియ్యుండ్రి, తప్పిస్తే గుంతల పడ్తరు."

స్టీరింగ్ బండలా బిగుసుకుంది. రెండు చేతులా లాగితే గానీ తిరగడం లేదు. ఆయన మెడ మీద చెమట దిగింది.

"ఇగో, వాగు గూడ వచ్చింది" అన్నాడు.

"ఆగుండ్రి. నల్లగుండు కాడ మలగనే లేదు, వాగెట్ల వస్తది?"

"వచ్చిందే…"

"ఇన్నేండ్లసంది పోతున్న దారి, నాకు చెప్తరా? తప్పిన్రు. రివర్స్ తీయుండ్రి."

ఆమె పై పెదవి మీద చెమట పూసింది. విద్యాసాగర్ జేబులోంచి బెల్లం ముక్క తీశాడు. "జర ఇది నోట్లేసుకో."

"కక్కితే కడుగుతరా?"

"కడుగుత."

"గప్పుడు గూడ గిట్లనే అన్నరు. నేనే కడుక్కున్న."

ఆయన బెల్లం మళ్లీ జేబులో వేసుకున్నాడు. మెడ వెనక్కి తిప్పి చూస్తూ రివర్స్ గేరు వేశాడు. ఆమె చెప్పినచోట ఆగి, నల్లగుండు దగ్గర కుడికి కోసి, వాగులో రాళ్లను ఒకటొకటిగా దాటించాడు. ఒక్కటి కూడా వదలనివ్వలేదు ఆమె.

చివరి ఎత్తు మిగిలింది. అక్కడికి వచ్చేసరికి ఆమె మాట ముద్దగా పడుతోంది. తల తలుపు మీదికి వాలింది.

"కమలా! ఎటు?"

ఆయన ఆమె భుజం పట్టి కుదిపాడు.

"ఏందే, మధ్యల విడిచిపెడ్తవా? నువ్వు చెప్పకుంటె నేను తిప్ప. ఇద్దరం లోయల పడ్తం!"

ఆ గద్దింపుకు ఆమె కళ్లు తెరిచింది. "కుడికి… ఫస్ట్ గేరు… బ్రేకు తొక్కకుండ్రి, జారుతది… ఆ, గంతే… గంతే… ఆపుండ్రి."

విద్యాసాగర్ ఆపాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు.

కమల అద్దంలోంచి ముందుకు చూసింది. చాలాసేపు చూసింది.

"నిండింది ఈసారి" అంది.

"ఔ, నిండింది."

డబ్బా మూత ఆమే తీసింది. "మీ మొఖం పీక్కపోయింది, తినుండ్రి" అని జొన్నరొట్టె తుంచి, వంకాయకూర పెట్టి ఆయన చేతికిచ్చి, తానూ ఒక ముక్క తుంచుకుంది. ఆమె మింగేదాకా ఆయన తన ముక్క నోట్లో పెట్టుకోలేదు. రెండో రొట్టెకు ఆమె వేళ్ల వణుకు నిమ్మళించింది. ఆ తర్వాత ఇద్దరూ డబ్బా అడుగు కనబడేదాకా తిన్నారు.

ఆ జీపుకు ఇంజన్ లేదని వాళ్లిద్దరిలో ఆయనొక్కడికే గుర్తుంది.