గట్టి ఉత్తరం

నేను గుద్దిన గుద్దుకు ప్రొఫెసర్ విట్‌కోంబ్ ముందుపన్ను ఊడి ల్యాబ్ బల్ల మీద పడింది. నా పరిశోధనను తన పేరుతో అచ్చేసుకున్నాడు వాడు.

నెత్తురు ఉమ్మి నవ్వాడు. "దెబ్బ గట్టిదేరా! నీ పీహెచ్‌డీ సీటుకు సిఫారసు ఉత్తరం కూడా ఇంతే గట్టిగా రాస్తాలే."

పోలీసులను పిలవలేదు. సిగ్గుపడ్డాడనుకున్నాను.

ఒక్క యూనివర్సిటీ కూడా నన్ను తీసుకోలేదు. మళ్లీ వెళ్లి, వాణ్ణి గోడకు అదిమి గొంతు పట్టుకున్నాను. "ఏం రాశావురా, దొంగవెధవా?"

"అన్నీ మంచి మాటలే. మర్యాదస్థుడు, వేళకు వస్తాడు, చేతిరాత ముచ్చటగా ఉంటుంది. ఒక్కటైనా అబద్ధమా?"

నా చేతులు వాటంతటవే వదిలేశాయి. మా ఒహాయోలో శిష్యుణ్ణి చంపాలంటే తిట్టక్కర్లేదు. అతని తెలివి ఊసెత్తకుండా మెచ్చుకుంటే చాలు.

బతుకంతా హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాను. పోయిన వారం విట్‌కోంబ్ చచ్చాడు. పాత శిష్యుణ్ణి కదా, చర్చిలో వాడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎదురుగా వరుసల నిండా ప్రొఫెసర్లు, జీవితమంతా అలాంటి ఉత్తరాలు రాసినవాళ్లే, చదివినవాళ్లే.

నేను లేచి, గొంతు సవరించుకుని, మెల్లగా చెప్పాను.

"విట్‌కోంబ్ మర్యాదస్థుడు. వేళకు వచ్చేవాడు. చేతిరాత ముచ్చటగా ఉండేది."