పిట్టకు నేర్పిన టింగు

సుకంతో అనే ముసలాయన ప్రస్తోవోని మళ్ళీ తిట్టాడు.

తిట్టడా మరి. సోలో నగరంలో పాటల పోటీకి పిట్టలు పెంచేవాళ్ళ కోసం ప్రస్తోవో ఒక ప్రోగ్రామ్ రాసి, ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టాడు. ఇంట్లో కంప్యూటర్ పక్కన పంజరం పెడితే చాలు, వేళకు పాటలో ఆరితేరిన పిట్టల కూతలు వినిపిస్తుంది. కుర్రపిట్ట విని నేర్చుకుంటుంది. బాగానే ఉంది. కానీ మనవాడి చెయ్యి ఊరుకుంటేగా! వారం తిరక్కుండా కొత్త హంగు తగిలిస్తాడు.

ఈసారి అప్‌డేట్ వచ్చిందని చెప్పడానికి గంట పెట్టాడు. పాట మధ్యలో టింగుమనేది. సుకంతో పెంచే మురై జాతి పాటపిట్ట శుభ్రంగా అదీ నేర్చుకుంది. పోటీలో నాలుగు కూతలు కూసి టింగుమంటే, నవ్వి బయటికి పంపేశారు.

“తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా. పనిచేసేదాన్ని పనిచెయ్యనివ్వు. నీ హంగులు నీ నెత్తిన పెట్టుకో,” అని రాశాడు ముసలాయన.

“నీ పిట్టకి బుద్ధి లేకపోతే నాదా తప్పు? నచ్చకపోతే మానెయ్, పీడా పోతుంది,” అని ప్రస్తోవో జవాబిచ్చాడు.

కొరివితో తల గోక్కోవద్దని భార్య ఎండాంగ్ మొత్తుకుంది.

“నీకు తెలీదే. ఏడ్చేవాడే ఏడుస్తాడు. మిగతా జనం నోరెత్తకుండా హాయిగా వాడుకుంటారు. వాళ్ళకి కొత్తది కావాలి,” అన్నాడతను.

ఇంతలో పక్షుల సంఘం పెద్ద కబురు పెట్టాడు. ఆదివారం మైదానానికి నీ ప్రోగ్రామ్ వాడేవాళ్ళని పిట్టలతో సహా తీసుకురా, వాళ్ళు బాగుందంటే సభ్యులందరి ఇళ్ళలో పెట్టిస్తాం, నిన్ను జీతానికి పెట్టుకుంటాం అన్నాడు. ప్రస్తోవో ఉద్యోగం ఊడి ఏడాదైంది. ఇల్లు ఎండాంగ్ కుట్టుపని మీదే నడుస్తోంది. ఇది తప్పితే మరో దారి లేదు.

ఆ ముసలాడు వస్తే పరువు తీస్తాడని భయపడ్డాడు. వెంటనే సుకంతో ఖాతా మూసేశాడు. అతని కంప్యూటర్లో ప్రోగ్రామ్ తెరుచుకోకుండా కూడా చేశాడు. తర్వాత ఆదివారం అందరూ పిట్టలతో రమ్మని ప్రకటన పెట్టి, రంగు దీపాల హంగుతో కొత్తది వదిలాడు.

వారమంతా ఒక్క ఫిర్యాదూ రాలేదు. “చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో,” అని భార్యని దెప్పాడు.

ఆదివారం తెల్లవారకుండానే మంచి బాతిక్ చొక్కా తొడుక్కుని, మైదానం గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళ కోసం చూశాడు.

మొదటినుంచీ ఆ ప్రోగ్రామ్‌ని వాడింది ఈ లోకంలో సుకంతో ఒక్కడే.