నల్ల తెర, రంగుల తెర

"మౌసు పట్టుకోవడమంటే పూరీలు ఒత్తడం కాదండీ, మెల్లగా జరపాలి," అని రాఘవేంద్ర అనగానే గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. కౌసల్య నవ్వలేదు. మౌసును బల్లకు ఇంకా గట్టిగా అదిమింది.

తొంభై మూడు వేసవి. ఫిల్మ్‌నగర్‌లోని ఆ నిర్మాణ సంస్థ ఆఫీసులో రెండు పోటీ కంపెనీలు తమ కంప్యూటర్లను పరీక్ష కోసం పక్కపక్కనే అమర్చాయి. ఒకదానిది నల్ల తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. తెలుగు టైపు మిషను మీద వేళ్లు ఎక్కడ పడతాయో దీని మీదా అక్కడే పడతాయి. రాఘవేంద్ర అమ్మజూపుతున్న రెండోదానిది రంగుల తెర. ఇంగ్లీషు అక్షరాలు కొడితే అందులో తెలుగు ప్రత్యక్షమవుతుంది. బొంబాయి హీరోయిన్ల కోసం అదే సంభాషణను ఇంగ్లీషు లిపిలోనూ ఇస్తుంది. మొదటిది వేగం గలది, మొండిది. రెండోది అందమైనది, నిదానమైనది.

ఇన్నేళ్లుగా కార్బన్లు పెట్టి సంభాషణల ప్రతులు తీస్తున్న ఇద్దరు టైపిస్టులలో శేషారత్నాన్ని నల్ల తెర ముందు, కౌసల్యను రంగుల తెర ముందు కూర్చోబెట్టారు. కొత్త సినిమా ముహూర్తం నాటికి వీటిలో ఒకటే ఉంటుందని, రెండోదాన్ని వెనక్కి పంపేస్తామని మేనేజరు చలపతిరావు చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. అడగవలసింది ఉందని వాళ్లకూ తోచలేదు. సినిమా పనిలో యంత్రం ఒంటరిగా రాదు, ఒంటరిగా పోదు. కెమెరా వెంట దాని మనిషి వస్తాడు, జనరేటరు వెంట దాని మనిషి వస్తాడు. అది లారీ ఎక్కితే అతడూ ఎక్కుతాడు. కనుక పోయే కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి కూడా పోవలసిందేనని ఇద్దరూ ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కౌసల్య డబ్బా మూత కూడా తీయలేదు.

"నీ మిషనే ఉంటది అక్కా. నాకెరుకే."

"ఇంకా తేలలేదుగా. ముందు తిను."

"ఏం తేలాలె? నేనా ఎలుక యాడుందో దేవులాడేలోపట నువ్వు సీనే దించేస్తున్నవ్."

శేషారత్నం నవ్వబోయి ఆగిపోయింది. కౌసల్య భర్త ఫైటరు. ఒక హీరోకు బదులుగా మేడ మీది నుంచి దూకినప్పుడు కింద పరిచిన పరుపులు జరిగి నడుము విరిగింది. కృష్ణానగర్‌లో వాళ్లుండే ఒంటిగదిలో అతణ్ణి ఇటు నుంచి అటు తిప్పాలన్నా ఆమే తిప్పాలి.

"ఇంట్ల ఉన్నదే నా జీతమొక్కటి," అంది కౌసల్య నేలచూపులు చూస్తూ. "ఇది పోతే ఆయన్నేసుకొని యాడికి పోవాలె?"

శేషారత్నం తన సంగతి ఆలోచించుకుంది. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. యూసుఫ్‌గూడలో గది ఖాళీ చేస్తే తెనాలిలో అన్నగారి ఇల్లుంది. అక్కడ ఆమెకు అన్నం ఉంటుంది, మాట ఉండదు. వదిన అమ్మాజీ వంటింట్లో మిగిలిన జీవితాన్ని ఊహించుకుని చూసింది. భరించలేనిదే, కానీ చావు కాదనిపించింది.

ముహూర్తం రోజున నిర్మాత బసవపున్నయ్య స్వయంగా వచ్చి కుర్చీల వెనక నిలబడ్డాడు. మొదటి సీను కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టనిదే కెమెరా తిరగనివ్వకపోవడం ఆయన ఆనవాయితీ. ఈసారి ఆ కాగితం ఏ మిషను ముందుగా ఇస్తే దాన్నే ఉంచుకుంటానని అందరి ఎదుటా చెప్పాడు.

"పంతులుగారు తొందరపడుతున్నారు. కానీండమ్మా."

శేషారత్నం సీను పూర్తి చేసి పక్కకు చూసింది. కౌసల్య ఒక్కొక్క అక్షరాన్నీ పెదవులతో కూడబలుక్కుంటూ ఇంకా సగంలోనే ఉంది. ఆమె మెడ మీద చెమట కారుతోంది.

అచ్చు వేయడానికి ఒక మీట, తుడిచేయడానికి దాని పక్క మీట. తుడిచేసే ముందు నల్ల తెర ఒకసారి అడుగుతుంది, నిజంగానేనా అని. శేషారత్నం నిజమేనని చెప్పింది.

"ఏమైందమ్మా?"

"పోయిందండీ. ఎక్కడ నొక్కానో ఏమో."

"ఇంతేనా దీని సంబడం," అని బసవపున్నయ్య రంగుల తెర వైపు తిరిగాడు. తమ యంత్రం తనంతట తాను ఏదీ తుడిచేయదని నల్ల తెర కంపెనీ మనిషి మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. కాసేపటికి కౌసల్య కాగితం కిచకిచమంటూ బయటికి వచ్చింది. దాని నాలుగు మూలలా పసుపు అద్ది లోపలికి పట్టుకెళ్లారు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, చప్పట్లు వినిపించాయి.

"నీదెట్ల పోయిందే అక్కా?" అని కౌసల్య గొంతు తగ్గించి అడిగింది.

"వేళ్లు పాతబడ్డాయి."

కౌసల్య నమ్మలేదు. మళ్లీ అడగనూ లేదు. శేషారత్నం చేతిని మాత్రం చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం చలపతిరావు ఇద్దరినీ తన గదిలోకి పిలిపించాడు. శేషారత్నం అప్పటికే తన సామాను సంచిలో సర్దుకుంది. కౌసల్య కోసం ఒక చిరునవ్వును సిద్ధం చేసుకుని మరీ వెళ్లింది.

రంగుల తెర ఖాయమైందని చలపతిరావు బల్ల వైపు చూస్తూ చెప్పాడు. దాని మీద టైపు కొట్టడానికి ఆ కంపెనీ తన ఆపరేటరునే పంపుతుందని, జీతం కూడా కంపెనీయే ఇచ్చుకుంటుందని, బయటివాళ్లను ముట్టుకోనివ్వకపోవడం వాళ్ల షరతని వివరించాడు. ముందే చెబితే పోటీలో చేతులు ఆడవని చెప్పలేదట. ఈ నెలాఖరు వరకు ఇద్దరూ రావచ్చునన్నాడు.

కౌసల్య శేషారత్నం వైపు తిరిగింది.

"ఎవరో ఒకరం ఉంటామనుకున్నామండీ," అంది శేషారత్నం.

"ఒకరేమిటి? నల్ల తెర వాళ్లు మిషను అమ్మి వెళ్లిపోయేవాళ్లు, మనిషినివ్వరు. పగలొకరు, రాత్రొకరు మనవాళ్లే కొట్టాల్సి వచ్చేది." చలపతిరావు మొదటిసారి తలెత్తాడు. "అది గెలిచి ఉంటే మీరిద్దరూ ఉండేవారమ్మా."