తల ఆనించిన చోటు

తెనాలిలో ఇప్పుడు ఎవరి ముఖమూ జిడ్డు కారదు. మెడ వెనక చిన్న బిళ్ళ అంటించుకుంటే చాలు, మగ హార్మోను ఎంత పిలిచినా చర్మంలోని నూనె గ్రంథులు పలకవు. మొటిమలంటే ఏమిటో పిల్లలకు తెలియదు. దిండు గలీబులు నెలల తరబడి తెల్లగా మబ్బుల్లా ఉంటాయి.

సువర్చల ఇంట్లో మాత్రం ఒక జిడ్డు మచ్చ మిగిలింది. పెళ్ళైన కొత్తలో భర్త పరంధామం కుర్చీలో కూర్చుని గోడకు తల ఆనించిన మచ్చ అది. రెండుసార్లు రంగు వేయించినా నీళ్ళలో చందమామలా మెల్లగా పైకి తేలింది. బిళ్ళ అంటించుకోమని అప్పట్లో పోరు పెట్టింది తనే. ఆ తర్వాత పక్కన పడుకున్నా ఆయన వాసన తగల్లేదు.

"సోడాతో కడిగితేగానీ రంగు నిలబడదమ్మా," అన్నాడు రంగులేసే మస్తాన్, కుర్చీ పక్కకు లాగుతూ.

సువర్చల ఆఖరిసారిగా మచ్చను తడిమింది. పాతికేళ్ళ మచ్చ ఎప్పుడో ఎండిపోయి ఉండాలి. కానీ వేలు కొత్త జిడ్డుతో తళతళలాడింది.

వెనక్కి తిరిగింది. పరంధామం పేపరు చాటున తల దాచుకున్నాడు. వంచిన మెడ వెనక బిళ్ళ లేక బోసిగా ఉంది.

"ఎప్పట్నుంచండీ?"

"పది రోజులైంది. అది ఉన్నన్నాళ్ళూ ముఖం తుడుచుకుంటుంటే ఎవరిదో తుడుస్తున్నట్టు ఉండేది. కోప్పడకు, మళ్ళీ అంటించుకుంటాలే."

వేలు కొంగుకు తుడవబోయి ఆమె ఆగింది. నెమ్మదిగా తన చెంపకు రాసుకుంది.

"మస్తానూ, ఆ గోడ వదిలెయ్," అని కుర్చీని తనే మళ్ళీ గోడకు జరిపింది.