స్టాండ్ కింద చెక్క

గుమాస్తా తన బండిని ఎత్తు పెంచమన్నప్పుడే మెకానిక్‌కి ఒళ్లు మండింది.

మనిషి చూస్తే పొట్టి. ఉన్న ఎత్తుకే కాళ్లు నేలకి అందీ అందకుండా ఉంటాయి. కానీ ఎదురింటివాడు. పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి, కాదనలేడు.

"స్పీడ్ బ్రేకర్లకి అడుగు గీరుకుపోతోంది తమ్ముడూ," అన్నాడు గుమాస్తా.

మెకానిక్ వంగి చూశాడు. అడుగున ఒక్క గీత లేదు. బండి ఆయనది, ముచ్చట ఆయనది అనుకుని పొడుగు షాకబ్జర్లు బిగించాడు.

"ఇప్పుడు సైడ్ స్టాండ్ పొట్టిదైపోతుందండీ. బండి మరీ ఒరిగి పడిపోతుంది. చిన్న ముక్క అతికిస్తాను."

"వద్దు, అలాగే ఉండనీ. ఆ సెంటర్ స్టాండ్ కూడా పీకెయ్, ఒకటే చప్పుడు."

"మరి బండి దేనిమీద నిలబడుతుంది, నా నెత్తిమీదా?"

గుమాస్తా నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. ఉన్న ఒక్క కూతురూ జ్వరంతో పోయింది. అప్పటినుంచి తల్లి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. డాక్టర్లు చూశారు. చుట్టాలు బతిమాలారు, తిట్టారు కూడా. ఇలాగే ఉంటే ఆవిడా దక్కదని వీధంతా అనుకుంటోంది.

చెప్పినట్టే సెంటర్ స్టాండ్ పీకించుకున్న గుమాస్తా, ఆ సాయంత్రం గేటు ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. చాలాసేపటికి ఆవిడ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"స్టాండ్ కింద ఆ గోడ పక్కనున్న చెక్క పెట్టు. నేను దిగితే పడిపోతుంది."

ఆవిడ వంగి చెక్క పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఇక రోజూ ఇదే తంతు. మెకానిక్ ఎదురింట్లోంచి చూస్తూనే ఉన్నాడు.

"కడుపుకోతతో పడున్న మనిషిని లేపి చాకిరీ చేయించుకుంటాడా? తనే దిగి పెట్టుకోవడానికి చేతులు పడిపోయాయా?" అని భార్య దగ్గర తిట్టిపోసేవాడు.

ఒకరోజు హారన్ మోగకముందే ఆవిడ చెక్క పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. తల దువ్వుకుంది కూడా. మొగుడంటే ఎంత భయమో పాపం అనుకున్నాడు మెకానిక్.

గుమాస్తా ఆయిల్ మార్చమని బండి వదిలి వెళ్లినప్పుడు సందు దొరికింది. స్టాండ్ కోసి, మధ్యలో ఇనపముక్క పెట్టి వెల్డింగ్ చేసి, పైన నల్లరంగు పూశాడు. తనే తీసుకెళ్లి గేటు ముందు నిలబెట్టాడు. బండి బుద్ధిమంతుడిలా నిలబడింది.

ఆవిడ చెక్కతో వచ్చింది.

"ఇక మీకు ఈ బాధ లేదక్కా. నేను సరిచేసేశాను," అన్నాడు.

ఆవిడ బండి వంక చాలాసేపు చూసింది. చెక్క గోడ వారగా పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట మెకానిక్ కడుపునిండా తిన్నాడు.

కొన్నాళ్లకి గుమాస్తా షాపుకి వచ్చాడు. గడ్డం మాసిపోయింది, కళ్లు లోతుకుపోయాయి.

"మీ అక్క తలుపు తీయడం లేదు తమ్ముడూ. 'ఇక నాతో పనేముంది' అంది, అంతే. మెతుకు ముట్టడం లేదు. స్టాండ్ మళ్లీ కోసెయ్యమందామని వచ్చాను. కానీ ఏం లాభం, తను కళ్లారా చూసేసింది."

"శుభ్రంగా నిలబడే బండికి స్టాండ్ కొయ్యడమేమిటండీ?" అన్నాడు మెకానిక్, కోపం ఆపుకోలేక.

గుమాస్తా అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"రోజుకోసారైనా తను మంచం దిగి గేటుదాకా రావాలనే కదయ్యా, స్టాండ్ అందకుండా నీచేత బండి ఎత్తించింది!"